కోసే ముందు ఆ చంకలో ఒక్కసారి చూడండి డాక్టర్ గారూ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు చేసే సర్జన్ గార్లకు, స్కానింగ్ గదుల్లో కూర్చునే రేడియాలజీ డాక్టర్లకు నమస్కారం.

నేను కావలిలో జాకెట్లు కుట్టుకునే మనిషిని. డాక్టర్ని కాను, నర్సును కూడా కాను. మీరు చదివిన చదువులో వందో వంతు నాకు రాదు. కానీ ఆడవాళ్ల చేతుల కొలతలు నాకు తెలిసినంతగా మీకు తెలియవని మాత్రం ధైర్యంగా చెప్తాను, ఇరవై రెండేళ్లుగా మెడలో టేపు వేసుకుని చేస్తున్నది అదే పని కాబట్టి. కుడి చేతికీ ఎడమ చేతికీ పావు అంగుళం తేడా చాలామందికి ఉంటుంది, దాన్ని మేం పట్టించుకోం, కుట్టులో సర్దేస్తాం. మా అక్క పేరు మీద నా పుస్తకంలో ఇలా ఉంది: ఎడమ చేతి లూజు 11.5, కుడి చేతి లూజు 14. రెండున్నర అంగుళాలు కుట్టులో సర్దేది కాదు. రెండు చేతులకూ రెండు వేర్వేరు కాగితాలు కత్తిరించుకుని, ఒక్కో చెయ్యి ఒక్కో మనిషిదన్నట్టు కుట్టాలి. ఆది జాకెట్టు అడిగితే అక్క ఇవ్వదు. పాతవన్నీ ఆపరేషన్‌కు ముందువి, వాటిని చూస్తే ఏడుపొస్తుందంటుంది.

జరిగింది చెప్తాను. అక్కది కొండపి వైపు పల్లె. పొగాకు గ్రేడింగు పనికి పోయేది. నాలుగేళ్ల కిందట, అప్పటికి ఆమెకు 58 ఏళ్లు, స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో రేగిపండంత గడ్డ చేతికి తగిలింది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వచ్చింది, గడ్డ సైజు 1.8 సెంటీమీటర్లు. ఏ ఊరి ఆసుపత్రో, ఏ డాక్టరో చెప్పను. ఆయన మీద నాకు కోపం లేదు, అక్క ఇవాళ మా మధ్య తిరుగుతోందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. అయితే ఆపరేషన్‌కు ముందు మామోగ్రామ్ తీశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, పొట్ట స్కానింగ్ తీశారు, గుండెకు ఎకో తీశారు, రక్తం నాలుగు సీసాలు లాగారు, ఇన్ని చేసి కుడి చంకలో మాత్రం స్కానింగ్ పెట్టి చూడలేదు. చేత్తో నొక్కి చూసి 'ఏమీ తగలడం లేదమ్మా' అన్నారు, అంతే. రొమ్ము తీసేశారు. బయటికొచ్చి 'చంక కూడా మొత్తం క్లీన్ చేశాం, ఇక భయపడాల్సిన పని లేదు' అన్నారు. మేం దండం పెట్టాం. దండం పెట్టక ఏం చేస్తాం, ఆ సమయంలో ఎవరు ఏం చెప్పినా పెడతాం.

పది పన్నెండు రోజులకు పెద్ద రిపోర్టు వచ్చింది. అందులో లింఫ్ గ్రంథుల దగ్గర 0/18 అని ఉంది. అంటే చంకలోంచి 18 గ్రంథులు తీశారు, ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. మా బావ నెల్లూరు నుంచి మలై కాజాలు తెప్పించి వీధంతా పంచాడు. ఆ సున్నాను చూసి అందరం మురిసిపోయాం గానీ దాని కింద ఉన్న 18ని చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఎనిమిది నెలలకు అక్కకు కుడి చేతి గాజులు ఎక్కడం మానేశాయి. ముందు ముంజేయి, తర్వాత మోచేయి పైదాకా. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయేది. ఊళ్లో వాళ్లు 'కాలికొచ్చే బోదజబ్బు నీకు చేతికొచ్చిందేందే' అన్నారట. వాళ్లది మరీ తెలివితక్కువ మాట కూడా కాదు, బోదకాల్లో పురుగులు చేరి లింఫ్ నీరు పోయే దారుల్ని పాడుచేస్తాయి, ఇక్కడ ఆ దారులు కలిసే బిళ్లలనే, అంటే ఆ లింఫ్ గ్రంథులనే, ఊడ్చి తీసేశారు, నీరు పోయే తోవ లేక చేతిలోనే నిలబడిపోయింది. ఆ తర్వాత ఒకసారి పొగాకు ఈనె గీసుకుని చిన్న గీత పడింది. మనకైతే సాయంత్రానికి మర్చిపోయే గీత. అక్కకు రెండో రోజుకే చెయ్యంతా ఎర్రబడి, చలిజ్వరం వచ్చి, నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. గ్రేడింగు పని ఆరోజుతో సరి. ఇప్పుడు బిగుతు తొడుగు వేసుకుని కూర్చుంటుంది, ఎండాకాలం మన ఒంగోలు ఎండల్లో ఆ తొడుగు ఎట్లా ఉంటుందో వేసుకున్న వాళ్లకే తెలియాలి.

ఇక్కడ ఒక మాట. మీలో కొందరు 'అమ్మా, అప్పుడు తీయకపోతే క్యాన్సర్ ఉండిపోయేదేమో' అంటారని నాకు తెలుసు. అందుకే రెండేళ్లు దీని గురించే అడుగుతూ, చదువుతూ తిరిగాను. మా షాపుకొచ్చే వాళ్లలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది, ఒక స్టాఫ్ నర్సు ఉంది, చెన్నైలో చూపించుకుంటున్న ఇద్దరు పేషెంట్లున్నారు. తెలిసింది తెలిసినట్టు చెప్తాను, తప్పుంటే దిద్దండి.

చిన్నప్పుడు కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టేది గుర్తుందా? మా అమ్మ 'పుండు మానితే బిళ్ల అదే పోతుంది' అనేది. చంకలో ఉండేవీ అవే బిళ్లలు. చేతి నుంచి, రొమ్ము నుంచి వచ్చే లింఫ్ నీరు వాటిలోంచే వడపోసుకుని పోతుంది. ఒక్కో చంకలో ఇరవై ముప్పై దాకా ఉంటాయట. రొమ్ములోని క్యాన్సర్ కణాలు బయటికి నడిస్తే చాలామందిలో ముందు ఆగేది అక్కడే, కాబట్టి మీకు వాటి మీద అనుమానం ఉండటం న్యాయమే. నేను అడిగేదల్లా ఆ అనుమానం తీర్చుకోవడానికి ముందు కత్తి తీస్తారా, ముందు స్కానింగ్ ప్రోబ్ తీస్తారా అని.

చేత్తో నొక్కి చూడటం మీద నమ్మకం పెట్టుకోవద్దని మీ పుస్తకాలే చెప్తున్నాయి. లావుగా ఉన్న మనిషి చంకలో లోపలి బిళ్ల చేతికి అందదు, అందిన బిళ్ల క్యాన్సరే అయి ఉండాలనీ లేదు. కోవిడ్ టీకాలు వేసిన రోజుల్లో ఆ పక్క చంకలో ఎంతమందికి బిళ్లలు కట్టాయో మీరే చూశారు. మామోగ్రామ్‌లో చంక కొంత కనిపిస్తుంది గానీ పూర్తిగా కనిపించదు. అల్ట్రాసౌండ్‌లో అయితే బిళ్ల లోపలి తీరు కనిపిస్తుంది. నాకు ఒకావిడ తన స్కానింగ్ ఫోటో చూపించి వివరించింది, మంచి బిళ్ల చిక్కుడు గింజలాగా ఉంటుంది, నడుమ కొవ్వు తెల్లగా, చుట్టూ సన్నటి నల్లంచు. పట్టుచీరకు అంచు ఎంత సమంగా ఉంటుందో అంత సమంగా. ఆ నల్లంచు 3 మిల్లీమీటర్లు దాటి మందమైనా, ఒక పక్కకే బుడిపెలా ఉబ్బినా, నడుమ తెల్లదనం పోయి గింజ కాస్తా గోలీలా గుండ్రంగా మారినా అనుమానించాలి. అనుమానం వస్తే అక్కడికక్కడే స్కానింగ్‌లో చూస్తూ సూది పెట్టి నాలుగు చుక్కలు గాజుపలక మీదికి లాగొచ్చు, లేదా సన్నటి ముక్క తీయొచ్చు. రొమ్ముకు స్కానింగ్ తీస్తున్న ప్రోబే, అదే మంచం, అదే జెల్. నాలుగంగుళాలు పక్కకు జరపడమే.

ఆ ఫోటో చూపించిన ఆవిడ గురించి చెప్పాలి. కోవూరు వైపు స్కూల్లో టీచరు, 46 ఏళ్లు. ఆమెకు గడ్డ మా అక్క గడ్డకన్నా పెద్దది. చేత్తో చూస్తే ఈమెకూ చంకలో ఏమీ తగల్లేదు. కానీ అక్కడి రేడియాలజీ మేడమ్ అలవాటు కొద్దీ చంకలో కూడా చూసింది. ఒక బిళ్లకు అంచు 5 మిల్లీమీటర్లు, నడుమ తెల్లదనం లేదు. సూది పెట్టింది, క్యాన్సర్ వచ్చింది. వినడానికి ఇది చెడ్డ వార్త కదా. కానీ ఆ వార్త ముందే తెలియడం వల్ల ఆమె వైద్యం దారే మారిపోయింది. ముందు ఆపరేషన్ వద్దని కీమో మొదలుపెట్టారు, మొదలుపెట్టే ముందు ఆ బిళ్లలో బియ్యపు గింజకన్నా చిన్న క్లిప్ ఒకటి పెట్టారు. ఎందుకంటే కీమోకు గడ్డలు కరిగిపోతే ఏ బిళ్లలో రోగం ఉండేదో తర్వాత గుర్తుపట్టలేరు. ఆర్నెల్లకు ఆపరేషన్‌లో ఆ క్లిప్ ఉన్న బిళ్లనూ, రంగు మందు ఎక్కిస్తే రంగు పట్టిన ఇంకో మూడింటినీ (ఆ రంగు సంగతి కింద చెప్తాను) తీసి చూస్తే అన్నీ శుభ్రంగా వచ్చాయి. చంక మొత్తం ఊడ్చలేదు. ఆ తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుంది.

మొన్న దసరాకు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. టేపు పెట్టేటప్పుడు నా చెయ్యి కొంచెం వణికింది, ఏం చూడాల్సొస్తుందో అని. ఎడమ చేయి 12, కుడి చేయి 12. 'ఏందమ్మా, రెండుసార్లు కొలుస్తున్నావు' అని నవ్వింది. నేనేమీ చెప్పలేదు. లోపలికి పోయి నీళ్లు తాగొచ్చాను.

మా అక్కకు రోగం తక్కువ, నష్టం ఎక్కువ. ఆమెకు రోగం ఎక్కువ, నష్టం తక్కువ. తేడా అదృష్టంలో ఉందని సరిపెట్టుకోలేకపోతున్నాను, రొమ్ముకు స్కానింగ్ తీసే చెయ్యి చంక దాకా పోయిందా లేదా అన్నచోట ఉంది.

ఇప్పుడు మీ వైపు మాట కూడా న్యాయంగా చెప్తాను. స్కానింగ్ నార్మల్ అంటే చంకలో ఏమీ లేదని గ్యారంటీ కాదు, చిన్న చిన్న కణాల గుంపులు అల్ట్రాసౌండ్‌కు దొరకవు. అందుకే స్కానింగ్ బాగున్నా సెంటినెల్ బయాప్సీ చేస్తారు, అంటే గడ్డ నుంచి లింఫ్ నీరు ముందుగా చేరే కాపలా బిళ్లను మాత్రం తీసి చూడటం. ఇది నిన్నమొన్నటి వింత కాదు, 1990లలోనే రొమ్ము క్యాన్సర్‌లో మొదలైంది. రొమ్ములో మిథిలీన్ బ్లూ ఎక్కిస్తారు, అదే, అక్వేరియం చేపలకు బూజు పట్టకుండా నీళ్లలో వేస్తారే ఆ నీలం మందు. నీలం ఎక్కిన బిళ్లలు ఒకటో రెండో మూడో తీస్తారు. మర్నాడు మూత్రం పచ్చగా, నీలంగా వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పండి, మాకు తెలిసిన ఒక ముసలమ్మ బాత్రూంలో కేకలు పెట్టింది. కాపలా బిళ్లను వెతికిపెట్టే రేడియో ఐసోటోపు, గామా ప్రోబ్ కూడా ఉంటే ఇంకా నమ్మకం, కానీ అవి ప్రతి ఊళ్లో ఉండవని నాకు తెలుసు. అవి లేని చోట ఏం చేయాలో ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు చూపించారు కదా, చంకలో కింది భాగంలోని బిళ్లలను మాత్రమే తీసి పరీక్షించే లో ఆక్సిలరీ శాంప్లింగ్ పద్ధతి. మన దేశంలో మన వాళ్లు, మనలాంటి ఆసుపత్రుల కోసమే చేసిన పని అది. చంక మొత్తం తీసేసిన వాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి చెయ్యి వాపు వస్తుందని, కాపలా బిళ్లలు మాత్రమే తీసిన వాళ్లలో అది 100కు ఐదారుగురేనని చాలా పరిశోధనల్ని కలిపి 2013లో లెక్క తేల్చారు. ఐదుగురిలో ఆ ఒకరు మా ఇంట్లో ఉంది.

ఇంకొంచెం ముందుకు పోయిన సంగతి కూడా ఉంది. 2023లో ఇటలీ మిలాన్ డాక్టర్ల ఆధ్వర్యంలో సౌండ్ అనే పరిశోధన ఫలితం వచ్చింది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి, చంక స్కానింగ్ బాగున్న 1,405 మందిలో సగం మందికి సెంటినెల్ బయాప్సీ చేశారు, సగం మందికి చంకలో కత్తే పెట్టలేదు. ఐదేళ్ల తర్వాత రోగం దూరంగా పాకకుండా బతికున్న వాళ్లు బయాప్సీ చేసిన వైపు 97.7 శాతం, కత్తి పెట్టని వైపు 98 శాతం. 2024 చివర్లో జర్మనీ, ఆస్ట్రియా వాళ్ల ఇన్సెమా ఫలితం కూడా దాదాపు అదే చెప్పింది. అయితే ఆ ఆడవాళ్లకు రొమ్ము తీసేయకుండా గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చారు, చాలామంది ముట్లుడిగిన వాళ్లు, హార్మోన్ పాజిటివ్ వాళ్లు. మా అక్కకు రొమ్మంతా తీశారు కాబట్టి ఆ లెక్క అచ్చంగా అక్కకు సరిపోదు, తెలుసు. నేను చూసింది ఇంకోటి. ఈ రెండు పరిశోధనల్లోనూ చంకలో కత్తి పెట్టకుండా వదిలేయగలిగారంటే, ముందు స్కానింగ్‌లో చంక చూసుకున్నారు కాబట్టి. చూడని చంకను వదిలేయనూ లేరు, చూడని చంకను మొత్తం ఊడ్చే న్యాయమూ లేదు.

దీనికి తిరగబడ్డ ప్రమాదం ఒకటి ఉంది, అదీ చెప్పకపోతే నేను ఏకపక్షంగా రాసినట్టవుతుంది. స్కానింగ్‌లో ఒక్క బిళ్ల అనుమానంగా దొరికి, సూదిలో పాజిటివ్ వచ్చిందనుకోండి, 'అయితే ఇక మొత్తం తీసేయాల్సిందే' అని దాన్నే సాకు చేసుకోవద్దు. 891 మంది మీద అమెరికాలో చేసిన Z0011 అనే పరిశోధన 2011లో వచ్చింది, అది చేతికి తగలని చంకలో సెంటినెల్ బిళ్లలు ఒకటి రెండింట్లో క్యాన్సర్ ఉన్నా, గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇస్తే, మిగతా చంక తీయని వాళ్లు తీసిన వాళ్లకన్నా తక్కువ బతకలేదని చూపించింది. పదేళ్ల లెక్కలూ అంతే. కాబట్టి ఎన్ని బిళ్లలు, ఎంత మందం, ఎక్కడ అన్నది రాయండి. 'పాజిటివ్' అనే ఒక్క మాట సర్జన్ చేతికిస్తే సరిపోదు.

రేడియాలజీ డాక్టర్లూ, మీకు వేరే చెప్పుకోవాలి. నేను చూసిన రిపోర్టుల్లో చంక గురించి ఒక్క ముక్క ఉంటుంది, 'బోత్ ఆక్సిలా నార్మల్' అని, అంటే రెండు చంకలూ బాగున్నాయని. కొన్నింట్లో అదీ ఉండదు. చూసి నార్మల్ అన్నారో, టైపు చేసే అబ్బాయి పాత రిపోర్టులోంచి అట్లాగే కాపీ చేశాడో మాకెట్లా తెలుస్తుంది? పెద్ద బిళ్ల అంచు ఎన్ని మిల్లీమీటర్లో, నడుమ కొవ్వు ఉందో లేదో, అనుమానమున్నవి ఎన్నో రాయండి. పొట్టకు వాడే వంపు ప్రోబుతో చంక చూడకండి, పై పొరల కోసం ఉండే లీనియర్ ప్రోబ్ మీ గదిలోనే ఉంటుంది. బయట కుర్చీల్లో ముప్పై మంది గర్భిణీలు కూర్చుని ఉంటారని, గోడ మీద లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు కింద మీకు ఊపిరి తీసుకునే సమయం ఉండదని నాకు తెలుసు. అయినా రొమ్ము క్యాన్సర్ అని తేలిన మనిషి వచ్చినప్పుడు ఆ చెయ్యి తల పైకి పెట్టించి ఐదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. మా ఆడవాళ్లు చంక చూపించడానికి సిగ్గుపడి చీర చెంగు బిగపట్టుకుంటారు, కసరకండి. లోపల ఒక ఆడమనిషిని తోడు నిలబెడితే చాలు, చెంగు దానంతట అదే వదులవుతుంది.

సర్జన్ గార్లూ, స్కానింగ్ చీటీ రాసేటప్పుడు 'రొమ్ము' అని మాత్రం రాయకుండా 'రొమ్ములు, రెండు చంకలు' అని రాయండి. చీటీలో రాయనిది స్కానింగ్‌లో చూడరు, చూసినా రాయరు, అది మీకూ తెలుసు. అనుమానం ఉంటే సూది పరీక్ష అక్కడే చేయమని అదే చీటీలో రాయండి, మళ్లీ ఇంకో రోజు రమ్మంటే పల్లె నుంచి వచ్చే మనిషికి బస్సు చార్జీ, కూలి, తోడు వచ్చే వాళ్ల కూలి అన్నీ పోతాయి. కీమో ముందు పెట్టాలనుకుంటే ఆ బిళ్లకు గుర్తు పెట్టించండి. చంక మొత్తం తీయాల్సిన అవసరమే వస్తే తీయండి, అవసరం వచ్చే వాళ్లుంటారు, కాదనను, కానీ ఎందుకు తీస్తున్నారో, చెయ్యి వాచే అవకాశం ఎంతో, తర్వాత చేతిని ఎట్లా కాపాడుకోవాలో ఆపరేషన్‌కు ముందే తెలుగులో చెప్పండి. అక్కకు ఆ ముక్క ముందే చెప్పి ఉంటే పొగాకు ఈనె గీసుకున్న రోజే ఆసుపత్రికి పరిగెత్తేది, పసుపు రాసి పడుకునేది కాదు.

ఇక పెద్ద పెట్ స్కాన్ మిషన్ ఎక్కడుంది, ఎంఆర్ఐ ఎక్కడుంది, పినాకిని రైలెక్కి చెన్నై పోవాలా అని అడిగే వాళ్లు నా షాపుకు వారానికొకరు వస్తారు. చిన్న గడ్డలకు ముందు కావలసింది అవేవీ కాదని, మన ఊళ్లోనే ఉన్న మామూలు స్కానింగ్ మిషనేనని నేను చెప్తే నమ్మరు. కుట్టుపని చేసేదాని మాట ఎవరు నమ్ముతారు. మీరు చెప్తే నమ్ముతారు.

వచ్చే మంగళవారం మా వీధిలో ఒకామెను స్కానింగ్‌కు తీసుకుపోతున్నాను. ఎడమ రొమ్ములో గడ్డ, ముక్క పరీక్ష అయింది. డాక్టర్ గారు రాసిచ్చిన చీటీ నా దగ్గరే ఉంది. అందులో 'ఎడమ రొమ్ము' అని మాత్రమే రాసి ఉంది. పోయేటప్పుడు ముందు ఆయన దగ్గరికే పోయి, ఆ పక్కన ఇంకో మాట రాయించుకుని పోతాను.

ఇట్లు,
కావలిలో జాకెట్లు కుట్టుకునే ఒక చెల్లెలు